నటుని వాచికము

నాటకము చూచి ఇల్లు చేరినవారిని ఎట్లున్నదని అడిగినచో, "పాత్రధారులు బాగుగనే యున్నారు గాని, వెనుక వరుసలకు మాట అందలేదు" అని చెప్పుట తరచు వినుచుందుము. ఈ నింద చెవిని బడిన నటుడు మరునాడు గొంతు చించుకొనును. అప్పుడు చప్పుడు వినబడును. మాట మాత్రము వినబడదు. ఈ భేదము మాకు నాటకశాలలో కంటె స్టూడియోలోనే ఎక్కువగా బోధపడినది. మైక్రోఫోను ముందు నటునకు ముఖము లేదు, చేయి లేదు, కిరీటము లేదు. ఉన్నది గొంతొక్కటే.

మన పూర్వులు దీనిని ఉపేక్షించినవారు కారు. నాట్యశాస్త్రమున భరతుడు పాఠ్యమునకు ఉరస్సు, కంఠము, శిరస్సు అను మూడు స్థానములను చెప్పి, ప్రక్కనున్నవానితో ఉరస్సునుండియు, కొంత ఎడమున నున్నవానితో కంఠమునుండియు, దూరస్థునితో శిరస్సునుండియు పలుకుమన్నాడు. ఆడపులి తన పిల్లలను కోరల నడుమ జారనీయక, గాయపడనీయక కొనిపోవునట్లు అక్షరములను పలుకవలెనని పాణినీయ శిక్ష చెప్పుచున్నది. ‘కల’కును ‘కళ’కును తేడా తెలియనీయని నటులకు ఈ పులిని ఒకసారి చూపింపవలెను.

అయితే తెలుగు నటునకు మరియొక చిక్కు కలదు. మన వాక్యమున క్రియ సాధారణముగా చివరకు వచ్చును. పని ఎప్పుడు జరిగినదియు, అసలు జరిగినదో లేదో కూడ అదియే తెలుపవలెను. ‘వాడు నిన్న రాత్రి మా యింటికి వచ్చి నాతో ఆ మాట అన్నాడు’ అనునది వార్త. తుది అచ్చు సాగి ‘అన్నాడా’ యైనచో ప్రశ్న. ‘అనలేదు’ ఐనచో కథయే తలక్రిందు. ఇంత బరువు మోయవలసిన చోటనే నటుని ఊపిరి అయిపోవుచున్నది. మొదటి మాటలు ఉరుమువలె పలికి, క్రియ దగ్గరకు వచ్చుసరికి గొణిగి విడుచును. ఆంగ్లమున క్రియ ముందే వచ్చును గనుక, ఆ భాషలోని శిక్షణ గ్రంథములను అట్లే తెచ్చుకొన్నను మనకు ఈ చిక్కు తీరదు.

భుజము లెగురవేసి పీల్చిన గాలి నిలువదు. ప్రక్కటెముకలు విప్పారి, పొట్ట కొంచెము ముందుకు రావలెను. నడుముపై చేతులుంచి ఎవరికి వారే చూచుకొనవచ్చును. పిదప వాక్యమును తుదినుండి అభ్యసింపవలెను. ముందు ‘అన్నాడా’, తరువాత ‘ఆ మాట అన్నాడా’, ఆపై ‘నాతో ఆ మాట అన్నాడా’. మాటలు ముందు చేరుచున్న కొలది, క్రియకు మొదట నున్న బలము తగ్గరాదు. మేము చేయించిన అభ్యాసములలో ఇంతకంటె ఫలించినది లేదు.

ఇక యాస. ఇందులో పొరపాటు చేసినవారము మేమే. ఒకసారి ఒక నాటకమున రైతు పాత్రకు ఉత్తర కోస్తానుండి ఒక అనుభవజ్ఞుడగు నటుడు వచ్చెను. అతడు ‘ఏటి’ అన్న ప్రతి చోట మేము ‘ఏమిటి’ అని దిద్దితిమి, దీర్ఘములు కుదించితిమి. రెండవ రిహార్సలు నాటికి ఉచ్చారణ నిర్దోషము, పాత్ర నిర్జీవము. కారణ మడిగితిమి. "అక్షరాలు సూసుకోడంలో మనిసిని మర్సిపోతన్నాను బాబూ" అనెను. మేము సిగ్గుపడితిమి. స్పష్టత లేకపోవుట దోషము గాని, యాస దోషము కాదు. ఈ రెంటిని ఒకటిగా చూచి, ఒక ప్రాంతపు పలుకుబడినే శుద్ధమైన తెలుగని తలచి, ఎందరి నోళ్లను బిగించితిమో లెక్కలేదు.

దీనికి ఎదురుగా మరియొక అపచారము కలదు. పట్టణపు నటుడు నాలుగు ‘ఏటి’లు, రెండు ‘ఏంది’లు చల్లి, శ్రీకాకుళపు మనిషినో తెలంగాణపు మనిషినో ఆడితినని మురియును, సాధారణముగా ఆ పాత్ర పనివాడో, వెఱ్ఱివాడో అయియుండును. యాస మాటలలో కంటె అచ్చుల నిడివిలోను, వాక్యపు ఒరవడిలోను ఉండును. 1892లో విజయనగరమున ప్రదర్శితమైన ‘కన్యాశుల్కము’లో గురజాడ ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క పలుకు పెట్టినాడు. గిరీశము మాట మధురవాణికి నప్పదు, అగ్నిహోత్రావధానులది వారిరువురికిని నప్పదు. అవి కంటితో చదివి నేర్వదగినవి కావు. ఆ ప్రాంతమునకు పోయి, సంతలోనో గుడి అరుగుమీదనో కూర్చుండి, కొన్నాళ్లు నోరు మూసికొని వినవలెను.

మా నటునకు అతని యాస అతనికి తిరిగి ఇచ్చివేసితిమి. ఊపిరిని గూర్చియు, వాక్యాంతమును గూర్చియు మాత్రమే మూడు దినములు శ్రమించితిమి. ధ్వనిముద్రణ ముగిసిన పిమ్మట అతడు ఆ ‘అన్నాడా’ అభ్యాసమును కాగితముపై వ్రాయించుకొని పోయెను. తన ఊరి కుఱ్ఱవాండ్రను ప్రొద్దుటిపూట చెరువుగట్టున నిలిపి, ఆవలి గట్టున తాను నిలిచి, వారి క్రియలు తన చెవికి చేరువరకు చెప్పించుచున్నాడని తరువాత తెలిసినది.