విద్యార్థుల శ్రమదానం – నాలుగు సంగ్రహ వస్తువులు

(గ్రామసేవలో పాల్గొన్న విశ్వవిద్యాలయ విద్యార్థుల అభినందన సభలో చేసిన ప్రసంగ పాఠం)



  

చరిత్ర బోధించేవాణ్ణి కనుక ఒక శాసనంతో ఆరంభిస్తాను. అమరావతి మహాస్తూపం వద్ద లభించిన దాన శాసనాలలో విధికుడు అనే చర్మకారుడిది ఒకటి ఉన్నది. క్రీస్తుశకం తొలి శతాబ్దాల నాటి ఆ శాసనంలో, ఉపాధ్యాయుడైన నాగుని కుమారుడు విధికుడు తన తల్లితో, భార్యతో, సోదరులతో, బిడ్డలతో కలిసి స్తూపానికి పూర్ణఘట ఫలకాన్ని సమర్పించినట్లు చెప్పుకున్నాడు. తండ్రి చదువు చెప్పేవాడు. కొడుకు తోలుపని చేసేవాడు. ఆ వృత్తిని దాచుకోవలసిన అవసరం అతనికి కలగలేదు. అదే వృత్తి చేసేవారిని తరువాతి కాలంలో ఊరి వెలుపల నిలబెట్టిన సమాజం మనది. కాని ఆ స్తూపం వద్ద అతడు సహాయం కోరి వచ్చిన దీనుడు కాడు, దాత. ఈ ఒక్క మాటను మనసులో ఉంచుకొని తక్కిన ప్రసంగం ఆలకించవలసిందిగా కోరుతున్నాను.

ఇక నలందా మహావిహారం సంగతి. ఏడవ శతాబ్దంలో అక్కడ విద్యనభ్యసించిన చైనా యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ జీవితచరిత్రను హుయ్‌లీ రచించాడు. ఆ మహావిహార పోషణకు రాజు సుమారు 100 గ్రామాల ఆదాయాన్ని వదిలివేశాడనీ, ఆ గ్రామాలలోని 200 గృహస్థ కుటుంబాలు ప్రతిదినమూ బియ్యం, వెన్న, పాలు సమకూర్చేవనీ అందులో ఉన్నది. దేశదేశాల నుండి వచ్చిన విద్యార్థులు అన్నవస్త్రాల చింత లేకుండా తర్కమూ వ్యాకరణమూ చదువుకొన్నారంటే, ఆ చదువుకు ఇంధనం ఆ కుటుంబాల గాదెల నుండి వచ్చింది. నేటి విశ్వవిద్యాలయం కూడా అంతే. పన్ను రూపంలోనైనా, వసతిగృహంలోని అన్నం ముద్ద రూపంలోనైనా, ఊరు మనకు ముందే ఇచ్చి ఉన్నది. కనుక విద్యార్థి గ్రామానికి వెళ్లి చేసే పనిని ఉపకారం అనడం నాకు అంత సమంజసంగా తోచదు. అది బాకీలో కొంత భాగం.

ఆ బాకీ తీర్చే పద్ధతిని భగవానుడు ఏనాడో ఉపదేశించాడు. సిగాలుడనే గృహస్థ యువకునికి చేసిన ఉపదేశంలో నాలుగు సంగ్రహ వస్తువులు ఉన్నాయి. మనుషులను ఒకరితో ఒకరిని కలిపి ఉంచే ధర్మాలు అవి. దానం, ప్రియవచనం, అర్థచర్య, సమానాత్మత. ఇవ్వడం మొదటిది. మంచిగా మాట్లాడడం రెండవది. ఎదుటివారికి నిజంగా ప్రయోజనకరమైన పని చేయడం మూడవది. వారితో సమానంగా మెలగడం నాలుగవది. విద్యార్థుల సేవలో మొదటి రెండూ సులభంగానే సమకూరుతాయి. మూడవది కొంత కష్టం. నాలుగవదాని దగ్గర అసలైన పరీక్ష ఎదురవుతుంది.

ఈ నాలుగింటినీ పుస్తకంలో నుండి గ్రామంలోకి తీసుకువెళ్లిన ఒక ఉపాధ్యాయుని కథ శ్రీలంకలో ఉన్నది. కొలంబోలో మన నలంద పేరునే పెట్టుకొన్న ఒక కళాశాల ఉన్నది. ఏ.టి. అరియరత్నె అక్కడ ఉపాధ్యాయుడు. 1958లో ఆయన తన విద్యార్థులను, సహోపాధ్యాయులను వెంటబెట్టుకొని కనతోలువ అనే గ్రామానికి వెళ్లారు. అది సమాజం వెలివేసిన వారి ఊరు. శ్రీలంక బౌద్ధదేశమే అయినా, కులం అక్కడా వేళ్లూనుకొని ఉన్నది. ఈ చేదు నిజాన్ని బౌద్ధులమైన మనం తప్పించుకోకూడదు. నగరం నుండి వెళ్లిన ఆ పిల్లలు గ్రామస్థుల మధ్య నివసించి, వారితో కలిసి పనిచేశారు. ఎవరూ అడుగుపెట్టని ఊరికి వెళ్లి నిలవడమే అక్కడ అన్నింటికంటె పెద్ద పని అయింది. ఆ ప్రయోగం నుండే సర్వోదయ శ్రమదాన ఉద్యమం పుట్టి, వేలాది గ్రామాలకు వ్యాపించింది. దానం, ప్రియవచనం, అర్థచర్య, సమానాత్మత అనే నాలుగింటినీ ఆ ఉద్యమం తన గ్రామజీవన సూత్రాలుగా స్వీకరించింది. అరియరత్నెకు 1969లో రామన్ మెగసెసె పురస్కారం, 1996లో గాంధీ శాంతి బహుమతి లభించాయి. 2024లో ఆయన పరమపదించారు.

ఆ ఉద్యమానికి మన తెలుగు నేలతో ఒక సంబంధం ఉన్నది. అరియరత్నె ఆలోచనపై గాంధీజీతోపాటు వినోబా భావే ప్రభావం బలంగా ఉన్నది. వినోబా భూదానం ఆరంభమైనది 1951 ఏప్రిల్ 18న, తెలంగాణలోని పోచంపల్లిలో. అక్కడి దళితులు సాగుకు భూమి కావాలని అడిగినప్పుడు, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని ముందుకు వచ్చారు. భూమి ఉన్నవాడు భూమి ఇవ్వగలడు. భూమి లేని విద్యార్థి ఏమి ఇవ్వాలి? తన రెండు చేతుల కష్టాన్ని ఇవ్వాలి. శ్రమదానం అనే మాటలోని అంతరార్థం ఇదే.

మన దేశంలో గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబర్ 24న, జాతీయ సేవా పథకం మొదలైంది. 37 విశ్వవిద్యాలయాలు, 40,000 మంది విద్యార్థులతో ఆరంభమైన ఆ పథకం ‘నేను కాదు, నీవు’ అనే అర్థం వచ్చే నినాదాన్ని స్వీకరించింది. రెండేళ్లలో 240 గంటల సేవ, దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం దాని నియమాలు. నినాదం ఉదాత్తమైనదే. ఆ ‘నీవు’ ఎవరో తెలుసుకోకుండా కూడా ఏడు రోజులు గడిపివేయవచ్చునని నా అనుభవం నాకు నేర్పింది.

కొన్నేళ్ల కిందట మా విద్యార్థులతో ఒక గ్రామంలో శిబిరం నిర్వహించాను. దళితవాడలోని మురుగుకాలువలో పూడిక తీయాలని కళాశాలలో కూర్చొనే నిర్ణయించుకున్నాం. రెండు రోజులు చెమటోడ్చి తవ్వాం. మూడవ రోజుకు నీరు మళ్లీ నిలిచింది. గట్టుమీద కూర్చున్న ఒక వృద్ధురాలు, దిగువన రోడ్డు కింద తూము మూసుకుపోయిందనీ, అది తీయకుండా ఇక్కడ ఎంత తవ్వినా ఇంతేననీ, అడిగివుంటే మొదటి రోజే చెప్పివుండేదాన్ననీ అన్నది. ఆమె చెప్పినట్లే ఊరివారూ విద్యార్థులూ కలిసి గడ్డపారలు పట్టి తూము బాగుచేశారు. సాయంత్రానికి నీరు కదిలింది. అర్థచర్య అంటే ఏమిటో చదువురాని ఆ తల్లి నాకు బోధించింది.

మరునాడు ఆమె మమ్మల్ని భోజనానికి పిలిచింది. అంతవరకు బడిలో వంటమనిషిని పెట్టి, అందరికీ అక్కడే భోజనం ఏర్పాటు చేశాను. సౌకర్యం కోసమే చేశాననుకున్నాను. ఆమె పిలుపు విన్నాక మా వాళ్లలో కొందరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నా నోట కూడా వెంటనే మాట రాలేదు. నా ఏర్పాటులో దాగి ఉన్న దూరం అప్పుడు నాకు కనబడింది. ఒక విద్యార్థిని మాత్రం కాళ్లూ చేతులూ కడుక్కొని వెళ్లి ఆమె వాకిట్లో కూర్చున్నది. తరువాత ఒక్కొక్కరుగా అందరమూ కూర్చున్నాం. ఆనాటి అన్నం, పచ్చిపులుసు ఆ శిబిరంలో జరిగిన అన్ని పనులకంటె విలువైనవని ఈనాటికీ నమ్ముతున్నాను. మేము దాతలమనుకొని వెళ్లిన ఊళ్లో ఆమె దాత అయింది. విధికుడు నాకు ఆ వాకిట్లో మళ్లీ కనిపించాడు.

మిత్రులారా! బాబాసాహెబ్ అంబేద్కర్ బొంబాయిలో స్థాపించిన కళాశాలకు సిద్ధార్థుని పేరు, ఔరంగాబాదులో స్థాపించిన కళాశాలకు మిళిందుని పేరు పెట్టారు. మిళిందుడు నాగసేన భిక్షువును ప్రశ్నలు అడిగి తెలుసుకున్న రాజు. అధికారం ఉన్నవాడు అడిగి నేర్చుకోవడం ఆ పేరులోని పాఠం. అదే బాబాసాహెబ్, ధమ్మదీక్షకు కొన్ని నెలల ముందు, 1956 మార్చి 18న ఆగ్రా సభలో, చదువుకున్నవారు తమ పొట్ట నింపుకోవడంలో మునిగి సమాజాన్ని మరచిపోయారని తీవ్ర ఆవేదన వెలిబుచ్చారు. ఆ వేదనకు సమాధానం చెప్పవలసిన తరాలలో మాదొకటి. మేము చాలవరకు చెప్పలేకపోయాం. ఈనాడు మీ చేతుల మీది బొబ్బలను చూస్తుంటే, ఆ సమాధానం మొదలైందన్న ఆశ కలుగుతున్నది.

ప్రశంసతోపాటు మూడు విన్నపాలు. ఏ పని చేయాలో ఊరివారిని అడిగిన తరువాతనే పార పట్టండి. శిబిరం ఉన్నన్ని రోజులూ ఊరివారి పంక్తిలో, ముఖ్యంగా ఊరి చివరి ఇంటి పంక్తిలో, భోజనం చేయండి. ఏడు రోజులు ముగిశాక ఆ ఊరికి మళ్లీ వెళ్లండి. పట్టా చేతికి వచ్చిన తరువాత కూడా వెళ్లండి. సంఘం పెద్దలకు ఒక మనవి: వచ్చే ఏటి సన్మాన సభలో విద్యార్థులతోపాటు, వారికి అన్నం పెట్టి పని నేర్పిన గ్రామస్థులను కూడా ఇదే వేదికపై, ఇదే వరుసలో కూర్చోబెట్టండి. ఆనాటి అమరావతి తన రాతిమీద చర్మకారుని పేరుకు చోటిచ్చింది. ఈ వేదిక కూడా ఇవ్వగలదు.



భవతు సబ్బ మంగళం.