హంస దౌత్యము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగము)



నేను పండితుడను గాను. మన సహకార సంఘమున లెక్కలు వ్రాసికొనుచు, తీరిక వేళల దీపము ముందు ప్రబంధములు చదివికొనినవాడను. కార్యవర్గమువారు మాటలాడుమని ఆజ్ఞాపించిరి గావున, నాకు తెలిసిన లెక్కను, కావ్యమును కలిపి ఒక్క విషయము మనవి చేసెదను.

నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1982వ సంవత్సరమున సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది. మన దేశమున అట్టివానిలో అదియే మొదటిది. 1991లో దానికి డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ పేరు పెట్టిరి. నాగలి విడువక, కొలువు మానక చదువుకొను భాగ్యము దానివలన ఎందరికో లభించినది. నేనును అట్లు పట్టభద్రుడనైనవాడనే.

పాఠ్యపుస్తకము చేతికి వచ్చెడిది. సందేహము తీర్చు గ్రంథము మాత్రము వచ్చెడిది కాదు. ఆదివారపు తరగతులకు పట్టణమునకు పోయినపుడు, అచటి కళాశాల గ్రంథపాలకురాలు తన సెలవు దినమున మాకై తలుపు తీసెడిది. "ఏ బస్సునకు పోవలెను, నాయనా?" అని ముందుగా అడిగి, ఆ వేళకు లోపలనే కావలసిన పుటలు చూపెడిది. ఆమె ఏ మెట్టున ఉద్యోగమున చేరెనో, ఆ మెట్టుననే విరమించెను. ఆమె ఆదివారములు ఏ ఖాతాలోను జమ కాలేదు.

"అమ్మా, ఈ ఉద్యోగమున తమకు తృప్తి కలిగినదా?" అని తరువాత ఒకనాడు అడిగితిని. "ఇచ్చిన పుస్తకము అట్ట నలిగి తిరిగివచ్చినపుడెల్ల కలిగినది, పిల్లల ఫీజు కట్టవలసిన నాడు మాత్రము ఆ తృప్తి అక్కరకు రాలేదు" అని ఆమె చెప్పెను. ఈ రెండును సత్యములే.

గ్రంథాలయ శాస్త్రమునకు ఆచార్యులైన రంగనాథన్‌గారు గణితోపాధ్యాయులు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకులై, ఆ ఒంటరితనమునకు తాళలేక, తిరిగి బోధనకే పోయెదనని వేడుకొనిరట. లండనుకు పంపి శిక్షణ ఇప్పించిన పిదపనే వారి మనస్సు ఆ పనియందు నిలిచినది. పాఠకుని కాలము వ్యర్థము కాకుండ కాపాడవలెననునది 1931లో వారు ప్రకటించిన అయిదు సూత్రములలో ఒకటి. బస్సు వేళ అడిగిన ఆ తల్లి చేసినదియు అదియే. అంతటి మహనీయునకే శిక్షణ లేక తృప్తి కలుగలేదన్నచో, సామాన్యుల మాట చెప్పనేల?

ఇక కావ్యము. శృంగార నైషధమున నలదమయంతులను కలిపినది హంస. దూరమున నున్న ఇద్దరి నడుమ మాట మోసినది. స్వయంవరము ముగిసిన వెనుక ఆ హంసను తలచువారెవరు? దూరవిద్యలో గురువునకును శిష్యునకును నడుమ గ్రంథపాలకుడును అట్టివాడే. అయినను ఒక్కటి మరువరాదు. నలునిచేత చిక్కినపుడు ఆ పక్షి, ముసలితల్లి యున్నదని, ఆలు బిడ్డలున్నారని విలపించినది. రాజు కనికరించి ముందు విడిచెను. పిదపనే అది దౌత్యమునకు పూనుకొన్నది. దయ ముందు, సేవ వెనుక.

నేడు మన గ్రంథాలయపు బల్లచుట్టును దూరవిద్య చదువు యువతీయువకులు కూర్చుండుచున్నారు. పాఠములు సెల్‌ఫోనులో సైతము వచ్చుచున్నవి. వానిలో నమ్మదగినది ఏదో చెప్పుటకు మనుష్యుడు కావలెను. ఆ పని చేయుచున్న మన గ్రంథపాలకుడు పట్టణమున దుకాణపు కొలువునకు దరఖాస్తు పెట్టినాడు. అతనిని నిందింపలేను, నాలుగు మాసముల భృతి బకాయి యున్నదని లెక్క చూచిన నాకు తెలియును.

కావున ఈ రజతోత్సవ నిధినుండి మొదట ఆ బకాయి తీర్తము. ఇకముందు నెల మొదటి తేదీననే భృతి ఇత్తము. గ్రంథాలయ శాస్త్రమున శిక్షణకు మన ఖర్చుతో అతనిని పంపుదము. తోరణములు, పూలమాలలు ఆ తరువాత చూచుకొందము.

హంసను పంజరమున నుంచి దౌత్యము కోరుట న్యాయము గాదు. సెలవు.