ఆ అరుపుల్లో ప్రార్థన ఎక్కడుంది? | నాలుగు కొత్త క్రిస్టియన్ రాక్, మెటల్ ఆల్బమ్స్

 

ఈరోజు ఎపిసోడ్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. నేను మాట్లాడేదానికి కాదు, తర్వాత మీరు వెళ్లి వినబోయే పాటలకి. స్పీకర్‌లో పెట్టారంటే రెండో నిమిషంలో పక్క గదిలోంచి అమ్మ వచ్చి "ఏంట్రా ఆ గోల" అంటుంది. అనుభవంతో చెప్తున్నా. ఇంకో మాట, పాటలు ఇక్కడ ప్లే చేయను. కాపీరైట్ స్ట్రైక్ పడుద్ది. పేర్లు చెప్తాను, మీరు వెతుక్కోండి.

పోయిన ఎపిసోడ్ కింద ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, క్రిస్టియన్ మెటల్ అంటున్నావు, ఆ అరుపుల్లో దేవుడు ఎక్కడున్నాడు?" అని. వెటకారంగా అడగలేదు, నిజంగానే అడిగాడు. కాబట్టి నేను కూడా నిజంగానే సమాధానం చెప్పాలి. నాలుగు ఆల్బమ్స్ గురించి చెప్తూ ఆ ప్రశ్నకి వస్తాను. మూడు 2024లో వచ్చినవి, ఒకటి 2025లో వచ్చింది.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. ఈ గొడవ మనతో మొదలైంది కాదు. 1969లో అమెరికాలో లారీ నార్మన్ అనే ఆయన "అపాన్ దిస్ రాక్" అని ఒక ఆల్బమ్ చేశాడు. క్రిస్టియన్ రాక్ అనే మాట వచ్చినప్పుడు చాలామంది లెక్క మొదలుపెట్టేది అక్కడి నుంచే. పొడుగు జుట్టు, ఎలక్ట్రిక్ గిటారు, పాటలో యేసు. చర్చి వాళ్లకి రాక్ నచ్చలేదు, రాక్ వాళ్లకి యేసు నచ్చలేదు. మధ్యలో ఈయన. తర్వాత 1972లో వచ్చిన ఆయన ఆల్బమ్ "ఓన్లీ విజిటింగ్ దిస్ ప్లానెట్"ని, భద్రపరచాల్సిన రికార్డింగ్ అని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన జాతీయ రిజిస్ట్రీలో చేర్చింది. మనుషులు మారడానికి టైమ్ పడుతుంది మరి.

ఆ తర్వాత స్ట్రైపర్. కాలిఫోర్నియా వాళ్లు. పసుపు, నలుపు చారల బట్టలు, అదే రంగుల్లో డ్రమ్స్, గిటార్లు. పేరు యెషయా 53వ అధ్యాయం 5వ వచనంలోంచి వచ్చింది, దెబ్బల వల్ల స్వస్థత అనే మాట ఉన్న వచనం. 1986లో వచ్చిన "టు హెల్ విత్ ద డెవిల్" అమెరికాలో ప్లాటినం అయ్యింది, అంటే పది లక్షల కాపీలు. ఎంటీవీలో వాళ్ల వీడియోలు దుమ్ము దులిపాయి. షోల్లో వీళ్లు జనం మీదకి కొత్త నిబంధనలు విసిరేవాళ్లు. గిటార్ పిక్స్ విసిరే బ్యాండ్స్ ఉన్నాయి, వీళ్లు బైబిల్ విసిరారు!

ఇక్కడ ఒక కథ ఉంది, నాకు చాలా ఇష్టం. స్ట్రైపర్‌లో మైకేల్ స్వీట్, రాబర్ట్ స్వీట్ అన్నదమ్ములు. చిన్నప్పుడు వాళ్లు టీవీలో జిమ్మీ స్వాగర్ట్ అనే ప్రసంగీకుడిని చూసి విశ్వాసంలోకి వచ్చారు. పదేళ్ల తర్వాత అదే స్వాగర్ట్ క్రిస్టియన్ రాక్ మొత్తాన్నీ తిట్టిపోశాడు, దాని మీద 1987లో ఏకంగా పుస్తకమే వేశాడు. స్ట్రైపర్ బైబిళ్లు విసరడాన్ని పందుల ముందు ముత్యాలు వేయడంతో పోల్చాడు. ఒక్కసారి ఆలోచించండి. మిమ్మల్ని దేవుడి దగ్గరికి తెచ్చిన గొంతే, మీ పాట దేవుడిది కాదంటోంది. ఎంత నొప్పిగా ఉండి ఉంటుంది? అయినా వాళ్లు ఆ పాటలు మానలేదు, విశ్వాసమూ మానలేదు.

అందుకే మొదటి ఆల్బమ్ స్ట్రైపర్‌దే. 2024 సెప్టెంబర్‌లో వచ్చిన "వెన్ వి వర్ కింగ్స్". బ్యాండ్ మొదలైంది 1983లో, లెక్కేసుకోండి, నలభై ఏళ్లు దాటింది. గిటారిస్ట్ ఆజ్ ఫాక్స్‌కి 2018లో స్టేజి మీదే ఫిట్స్ వచ్చాయి, మెదడులో కణితి ఉందని తేలింది. ఆ మనిషి ఇంకా వాయిస్తున్నాడు. మైకేల్ పైస్థాయిలోకి వెళ్లినప్పుడు వయసు గుర్తు రాదు. "ఎండ్ ఆఫ్ డేస్" పాటతో మొదలుపెట్టండి. అరుపులు అలవాటు లేనివాళ్లకి ఇది సరైన గుమ్మం. ఇందులో గ్రోలింగ్ ఉండదు, మెలోడీ ఉంటుంది, రెండు గిటార్లు జంటగా పాడినట్టు వాయిస్తాయి.

రెండోది పీ.ఓ.డీ. పూర్తి పేరు పేయబుల్ ఆన్ డెత్. శాన్ డియాగో కుర్రాళ్లు. ఇప్పుడు కుర్రాళ్లు కాదులెండి. వాళ్ల పెద్ద హిట్ ఆల్బమ్ "సాటిలైట్" విడుదలైన తేదీ ఏంటో తెలుసా? 2001 సెప్టెంబర్ 11. అవును, అదే రోజు. దాంట్లో "యూత్ ఆఫ్ ద నేషన్" పాటకి మూలం, వాళ్లు ప్రాక్టీస్ చేసే చోటికి దగ్గర్లోని ఒక హైస్కూల్లో జరిగిన కాల్పులు. పిల్లలు కోరస్ పాడతారు అందులో. పీ.ఓ.డీ. మొదటి నుంచీ చావు గురించి మాట్లాడుతూనే ఉంది, కానీ భయపెట్టడానికి కాదు.

2024 మే నెలలో వచ్చిన వాళ్ల ఆల్బమ్ "వెరిటాస్". లాటిన్‌లో సత్యం అని అర్థం. ఇందులో నాకు నచ్చింది అతిథులు. "డ్రాప్" పాటలో ల్యాంబ్ ఆఫ్ గాడ్ గాయకుడు ర్యాండీ బ్లైత్ వస్తాడు. పేరులో గొర్రెపిల్ల ఉంది కదా అని మోసపోకండి, అది క్రిస్టియన్ బ్యాండ్ కాదు. "అఫ్రెయిడ్ టు డై" పాటలో ఉక్రెయిన్ బ్యాండ్ జింజర్ నుంచి తాత్యానా పాడింది. ఆ అమ్మాయి గొంతు ఒక లైన్లో తేనెలా ఉంటే ఇంకో లైన్లో పులిలా ఉంటుంది, విన్నవాళ్లకి తెలుసు. అంటే పీ.ఓ.డీ. వాళ్లు గోడ కట్టుకుని లోపల కూర్చోలేదన్నమాట. మనం నమ్మింది మనం పాడతాం, మీరూ వచ్చి పక్కన నిలబడండి అన్నారు.

మూడోది స్కిల్లెట్. వీళ్లని మీలో చాలామంది తెలియకుండానే విని ఉంటారు. "మాన్‌స్టర్" పాట మీద యూట్యూబ్‌లో ఎన్ని గేమింగ్, యానిమే ఎడిట్స్ ఉన్నాయో లెక్కలేదు. అది 2009లో వచ్చిన "అవేక్" ఆల్బమ్‌లోది. 1996లో మెంఫిస్‌లో మొదలైన బ్యాండ్. జాన్ కూపర్ పాడతాడు, బాస్ వాయిస్తాడు. ఆయన భార్య కోరీ గిటారు, కీబోర్డు. డ్రమ్స్ మీద జెన్ లెడ్జర్. చెల్లెళ్లూ, మీలో ఎవరికైనా డ్రమ్స్ మీద ఆశ ఉండి, ఇంట్లో "ఆడపిల్లకి ఎందుకమ్మా" అంటుంటే జెన్ వీడియో ఒకటి చూపించండి.

2024 నవంబర్ 1న "రివల్యూషన్" వచ్చింది. పెద్ద లేబుల్‌తో చాలా ఏళ్లు ఉన్నాక, ఈసారి సొంతంగా వేసుకున్నారు. నిజాయితీగా చెప్తున్నా, ఆల్బమ్ మొత్తం నాకు నచ్చలేదు. కొన్ని పాటలు జిమ్‌లో పెట్టుకోవడానికి చేసినట్టు ఉన్నాయి. "అన్‌పాపులర్" మాత్రం గట్టిగా పట్టుకుంది. క్రిస్టియన్ అని రాసుంటే ప్రతి పాటనీ పొగడాలని రూల్ లేదు కదా. బాగాలేని పాటని దేవుడి పేరు చెప్పి బాగుందనడం పాటకీ మంచిది కాదు, దేవుడికీ గౌరవం కాదు.

నాలుగోదానికి ముందు ఆ అరుపుల సంగతి చెప్తాను. చాలామంది అనుకుంటారు, కోపం వచ్చి గొంతు చించుకుంటున్నారని. కాదు. బాగా పాడేవాళ్లు కడుపులోంచి ఊపిరి తోస్తారు. మన స్వరతంత్రులకి పైన ఇంకో జత మడతలు ఉంటాయి. గ్రోల్‌లో ఎక్కువగా కదిలేవి అవి. అది సాధన, మన సంగీతం మాస్టారు పొద్దున్నే సరళీ స్వరాలు పట్టించినట్టే. తెలియకుండా ట్రై చేస్తే గొంతు నిజంగానే పోతుంది, జాగ్రత్త. గిటార్ అంత బరువుగా ఎందుకుంటుందంటే, లావు తీగని ఒక మెట్టు దించి శ్రుతి చేస్తారు, దాన్నే డ్రాప్ ట్యూనింగ్ అంటారు. అప్పుడు ఒక్క వేలితో మూడు తీగలు నొక్కి పవర్ కార్డ్ వాయించొచ్చు. డ్రమ్మర్ రెండు పాదాలతో కిక్ కొడతాడు. ఈ మూడూ కలిస్తే ఆ మోత వస్తుంది. ఛాతీ మీద డప్పు కొట్టినట్టు ఉంటుంది.

ఇప్పుడు నాలుగోది. డీమన్ హంటర్. పేరు విని పారిపోకండి, దయ్యాలని వేటాడేవాడు అని అర్థం. ర్యాన్ క్లార్క్, డాన్ క్లార్క్ అనే అన్నదమ్ములు సియాటిల్‌లో మొదలుపెట్టిన బ్యాండ్, మొదటి ఆల్బమ్ 2002లో వచ్చింది. 2025 సెప్టెంబర్‌లో వచ్చింది "దేర్ వాజ్ ఎ లైట్ హియర్". ఇక్కడ ఒక వెలుగు ఉండేది అని. ఉంది అని కాదు, ఉండేది అని. ఆ ఒక్క మాట దగ్గరే నేను ఆగిపోయాను.

ఎందుకంటే ఆ ఆల్బమ్ వచ్చిన కొద్ది రోజులకే మా నాయనమ్మ పోయింది. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాయనమ్మకి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం దాదాపు నోటికి వచ్చు. అట్ట ఊడిపోయి, దారంతో కుట్టుకున్న పుస్తకం. ప్రతి పాట పైన రాగం, తాళం రాసి ఉంటాయి. ఆవిడకి రాగం పేర్లు తెలీవు, కానీ రాగం తప్పితే మాత్రం వెంటనే తెలిసేది. నా చెవిలో ఇయర్‌ఫోన్ ఒకటి లాక్కుని, ఒకసారి డీమన్ హంటర్ పాట పెట్టుకుని విన్నది. ముఖం చిట్లించింది. తర్వాత అడిగింది, "ఈ అబ్బాయి ఎందుకురా అంత బాధపడుతున్నాడు?" అని. గోల అనలేదు. బాధ అంది.

జ్ఞాపకార్థ కూడికకి వచ్చినవాళ్లంతా "ఏడవకండి, ఆమె ప్రభువు దగ్గరుంది" అన్నారు. వాళ్లు ప్రేమతోనే అన్నారు, నేనూ అది నమ్ముతాను. కానీ ఫ్రెండ్స్, ఏడవడానికి నాకు చోటు దొరకలేదు. ఆ రాత్రి మేడ మీదకెళ్లి ఈ ఆల్బమ్ మొదటి నుంచి చివరిదాకా విన్నాను. ఆ బరువైన గిటార్ల కింద నా ఏడుపు ఎవరికీ వినపడలేదు. కిందకి దిగొచ్చి నాయనమ్మ బైబిల్లో 88వ కీర్తన చదివాను. ఎప్పుడైనా చదివారా? మిగతా విలాప కీర్తనల్లో చివరికి ఎక్కడో ఒక చోట నిరీక్షణ తొంగి చూస్తుంది. ఇది చీకటి అనే మాట దగ్గరే ముగుస్తుంది. ఆమెన్ కూడా చెప్పదు. అయినా అది పరిశుద్ధ గ్రంథంలో ఉంది. ఎవరూ దాన్ని తీసేయలేదు.

తమ్ముడూ, నీ ప్రశ్నకి నా సమాధానం అదే. ఆ అరుపులో దేవుడున్నాడా అంటే, దేవుడి వైపు తిరిగి అరుస్తున్నాడా లేదా అని చూడు. 88వ కీర్తన రాసినాయన కూడా ఆయన వైపు తిరిగే అరిచాడు.

కొన్నాళ్లకి యూత్ మీటింగ్‌లో ఒక మెటల్ పాట వాయిద్దామని నేనే అడిగాను. సంఘ పెద్ద ఒకాయన ఒప్పుకోలేదు. కోపం వచ్చింది నాకు. ఆయన అన్నదేంటంటే, "బాబూ, ఆదివారం పాటంటే ముసలమ్మ దగ్గర నుంచి చంటోడి దాకా అందరూ కలిసి పాడేది. నీ పాట ఎంతమంది పాడగలరు?" అని. ఇంటికొచ్చి ఆలోచిస్తే, ఆయన చెప్పిందాంట్లో సగం నిజమే. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారు ఇక్కడి రాగాల్లో క్రీస్తు కీర్తనలు రాశారు కాబట్టే చదువురాని మా నాయనమ్మ పాడగలిగింది. మెటల్ సంఘం పాడే పాట కాదు. మేడ మీద ఒక్కడే ఉన్నప్పటి పాట. రెండూ కావాలి మనిషికి. ఆయన ఒప్పుకోని ఆ రెండో సగం గురించే నేను ఈ ఎపిసోడ్ చేస్తున్నాను.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. బ్యాండ్ వాళ్లు పాస్టర్లు కాదు. అండర్‌ఓత్ అనే బ్యాండ్ ఒకప్పుడు ఈ రంగంలో ఎంత పెద్దదంటే, 2006లో వాళ్ల ఆల్బమ్ బిల్‌బోర్డ్ చార్టులో రెండో స్థానంలో మొదలైంది. తర్వాత మేమిక క్రిస్టియన్ బ్యాండ్ కాదని వాళ్లే చెప్పేశారు. చాలామంది ఫ్యాన్స్ మోసపోయినట్టు ఫీలయ్యారు. నేను ఆ పాత పాటలు ఇంకా వింటాను. పాట నిజమైనప్పుడు నిజమే. కానీ మీ విశ్వాసం మొత్తాన్నీ ఒక గాయకుడి భుజాల మీద పెట్టకండి. అతని భుజాలు కూడా మనలాంటివే. ఇంకోటి, లిరిక్స్ చదవకుండా వినకండి. గ్రోల్‌లో మాటలు అర్థం కావు. ఫోన్‌లో లిరిక్స్ తెరిచి పెట్టుకుని ఒక్కసారి వింటే చాలు, రెండోసారికి చెవికే దొరుకుతాయి.

కొత్తవాళ్లకి వరస చెప్తాను. మొదట స్ట్రైపర్, తర్వాత స్కిల్లెట్, తర్వాత పీ.ఓ.డీ., చివర్లో డీమన్ హంటర్. ఆ చివరిది మాత్రం బస్సులో కాదు, రాత్రిపూట, ఒంటరిగా, మొత్తం ఒకేసారి వినండి. మరీ బరువుగా అనిపిస్తే, 2021లో వాళ్లే తమ పాటల్ని మెత్తగా మళ్లీ పాడిన "సాంగ్స్ ఆఫ్ డెత్ అండ్ రిజరెక్షన్" ఉంది, అందులో అరుపుల్లేవు.

నాయనమ్మ పుస్తకం ఇప్పుడు నా దగ్గరే ఉంది. అందులో ఆవిడకి ఇష్టమైన ఒక కీర్తనని డ్రాప్ ట్యూనింగ్‌లో గిటారు మీద నెమ్మదిగా వాయించడానికి ట్రై చేస్తున్నా. ఇంకా కుదరట్లేదు, రాగం తప్పుతోంది. తప్పినప్పుడల్లా ఆవిడ పక్క గదిలోంచి పిలుస్తుందేమో అనిపిస్తుంది. కుదిరిన రోజు ఇక్కడే వినిపిస్తాను.

మీరు బాధలో ఉన్నప్పుడు మిమ్మల్ని పట్టుకున్న పాట ఏదో కామెంట్‌లో రాయండి. క్రిస్టియన్ పాటే కానక్కర్లేదు. అన్నీ చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.