పొగగొట్టపు మ్రోత ప్రాణమును కాపాడునా?



ఖమ్మము వైరా రోడ్డుమీద గాని, భద్రాచలము గోదావరి వంతెనమీద గాని నిలిచినవారికి పరిచితమైన ధ్వని యొకటి కలదు. సైలెన్సరు మార్పించిన మోటారుసైకిలు పిడుగులు కురిపించుచు పోవును. వృద్ధు లులికిపడుదురు, తొట్టెలోని పసిపిల్లలు కెవ్వుమందురు. ఆ యువకుని మందలించినచో, “నా బండి చిన్నది, లారీ పెద్దది. డ్రైవరు నన్ను చూడకపోయినను చప్పుడైన వినును గదా!” యనును. ప్రాణభయమునుండి పుట్టిన మాటను నవ్వి త్రోసివేయరాదు. దానిని విచారించి చూతము.

ఈ మాటలో సగము సత్యమున్నది. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన హ్యారీ హర్ట్ బృందము లాస్ ఏంజిలీస్ ప్రాంతమున 900 మోటారుసైకిలు ప్రమాదములను ఘటనాస్థలములందే పరిశీలించి, 1981లో నివేదిక వెలువరించినది. రెండు వాహనములు ఢీకొన్న ప్రమాదములలో సుమారు మూడింట రెండువంతులు ఎదుటి వాహనమువారు దారి యీయకపోవుటచేతనే జరిగెనట. వారు మోటారుసైకిలును చూడకపోవుట, లేక చూచినను ఆలస్యముగా గుర్తించుట అందుకు ముఖ్యకారణము. అయితే ఆ నివేదికయే మరొక సంగతి చెప్పుచున్నది: నాలుగింట మూడువంతులకు మించి అపాయములు నడుపువాని ముందువైపునుండియే వచ్చినవి. పొగగొట్టము నోరో, వెనుకకు తిరిగియున్నది! అపాయమొక దిక్కున, హెచ్చరిక యొక దిక్కున నున్నవి.

ఇక లెక్క చూతము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనుకు సుమారు 17 మీటర్లు సాగును. ఎదుట లారీయు నంతే వేగమున వచ్చినచో, నడిమి దూరము సెకనుకు 33 మీటర్లు తరిగిపోవును. ధ్వని దూరము రెట్టింపైనప్పుడెల్ల ఆరు డెసిబెల్సు తగ్గును. లారీ క్యాబినులో దాని యింజను హోరు, పాటల పెట్టె మ్రోత వేరుగా నున్నవి. ఇన్నిటిని దాటి చప్పుడు డ్రైవరు చెవి సోకునప్పటికి బండి దాదాపు చేరువకు వచ్చియుండును. విన్నను, ఆ గంభీరనాద మే దిక్కుదో పోల్చుకొనుట కష్టము.

నెమ్మదిగా సాగు రద్దీలో, లారీ ప్రక్కనే పోవునప్పుడు మ్రోత కొంత పనికివచ్చునని యొప్పుకొందము. 2014లో ఆంధ్రప్రదేశమున చేరిన చింతూరునుండి మారేడుమిల్లి పోవు ఘాటురోడ్డు మలుపులలోను శబ్దహెచ్చరిక యవసరమే. కాని అందులకు హారను కలదు. అది ముందుకు మ్రోగును. వలసినప్పుడు మాత్రమే మ్రోగును. ఎల్లప్పుడు అరచువాని కేకను ఆపదలో నెవరు నమ్ముదురు?

నష్టము మొదట నడుపువానికే. 85 డెసిబెల్సు ధ్వనిని దినమునకు ఎనిమిది గంటలకు మించి వినుట చెవికి హాని. తన మ్రోతలో మునిగినవానికి వెనుకవచ్చు బొగ్గు టిప్పరు హారను వినబడదు. రక్షణకని తగిలించినదే చెవుడు తెచ్చుచున్నది. ఆసుపత్రిలోని రోగులు, పరీక్షలకు చదువు విద్యార్థులు, కిన్నెరసాని యడవిలోని మూగజీవములు ఏమి నేరము చేసినవి?

చట్టము సంగతి క్లుప్తముగా చెప్పెదము. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 120వది సైలెన్సరును విధించుచున్నది. 2019 సవరణ తరువాత, ధ్వని ప్రమాణములను మీరిన మొదటి నేరమునకు మూడు మాసముల వరకు కారాగారము, లేక 10,000 రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును.

మరి ప్రాణరక్షణ కేమి చేయవలెను? కనబడవలెను. 2017 ఏప్రిల్ 1 నుండి తయారగు ద్విచక్రవాహనముల ముందుదీపము పగలును వెలుగుచుండుట యిందుకే. పాతబండి గలవారు పగలు దీపము తామే వేసికొనవచ్చును. లేతరంగు దుస్తులు ధరించుడు. బండికి మెరుపుపట్టీలు అంటింపుడు. లారీ అద్దములో డ్రైవరు ముఖము మీకు కనబడనిచో, మీరును అతనికి కనబడరని తెలిసికొనుడు. మలుపులో హారను మ్రోగించి వేగము తగ్గింపుడు. మీరును, వెనుక కూర్చున్నవారును ఐ.ఎస్.ఐ. గుర్తుగల హెల్మెట్టు పెట్టుకొని పట్టీ బిగింపుడు.

రాత్రి బండి చప్పుడు కొరకు చెవియొగ్గి వాకిట కూర్చుండు తల్లి యుండును. ఆమెకు పెద్ద మ్రోత అక్కరలేదు. బిడ్డ ఇల్లు చేరిన చాలును.