మెలకువ మాత్రలు – మన బాధ్యత
(యౌవనుల, తల్లిదండ్రుల కూటములో చేసిన ప్రసంగము)



మత్తు అనగానే మనకు సారాయి, గంజాయి జ్ఞాపకమునకు వస్తాయి. ఈ సాయంకాలము మేము మాట్లాడదలచినది నిద్రను చెరిపి, అలసటను కప్పిపుచ్చే ఉత్తేజక మందులను గురించి. పరీక్షలకు చదివే బిడ్డ చేతిలో అవి మత్తుమందులవలె కనబడవు. అదే వాటి మోసము.

ఆంఫెటమిన్ అనే మందు 1887లో జర్మనీలో తయారైనది. 1893లో జపానులో నగాయి నగయోషి అనే శాస్త్రజ్ఞుడు మెథాంఫెటమిన్‌ను తయారుచేశాడు. 1941 నుండి ఆ దేశములో అది "ఫిలోపాన్" అనే పేరుతో అమ్ముడుపోయినది. యుద్ధకాలములో సైనికులకు, కర్మాగారాల పనివారికి ఇచ్చారు. యుద్ధము ముగిసిన తరువాత అది ప్రజలలో వ్యసనమై వ్యాపించగా, 1951లో ప్రత్యేక చట్టము చేయవలసి వచ్చినది.

ఈ మందులు మెదడులోని డోపమిన్, నారడ్రినలిన్ అనే పదార్థములను ఒక్కసారిగా పెంచుతాయి. గుండె వేగము, రక్తపు పోటు పెరుగుతాయి. ఆకలి, నిద్ర పోతాయి. మందు దిగిన తరువాత గాఢమైన నీరసము, దిగులు. క్రమముగా మోతాదు పెంచనిదే పని చేయదు. కొందరికి అనుమానములు పుట్టి, లేని శబ్దములు వినబడతాయి. గుండె ఆగి చనిపోయినవారు కూడ ఉన్నారు. మాత్ర కొత్త బలమును ఇవ్వదు. రేపటి బలమును అప్పు తెచ్చి, వడ్డీతో వసూలు చేస్తుంది.

మన దేశములో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టము క్రింద ఇవి నియంత్రిత పదార్థములు. ఏకాగ్రత లోపమునకు వైద్యులు వ్రాసే మిథైల్‌ఫెనిడేట్ కూడ ఆ జాబితాలోనిదే. వైద్యుని చీటీతో వాడుట చికిత్స. చీటీ లేకుండ దగ్గర ఉంచుకొనుట నేరము. మెథాంఫెటమిన్ 2 గ్రాముల లోపు దొరికినా ఏడాది వరకు కఠిన కారాగారము గాని, 10,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని పడవచ్చు. 50 గ్రాములు మించితే పదేండ్లకు తగ్గని శిక్ష.

ఇక మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా సంఘములోని ఒక విద్యార్థి స్నేహితుడిచ్చిన మాత్రలతో రాత్రులు చదివేవాడు. ఒక రాత్రి తలుపు వెనుక ఎవరో నిలిచి ఉన్నారని కేకలు వేశాడు. తండ్రి వచ్చి, "అయ్యగారూ, నలుగురికి తెలిస్తే పరువు పోతుందండి" అన్నాడు. మేమును ప్రార్థన చేసి, ఎవరికీ చెప్పవద్దన్నాము. వైద్యుని వద్దకు తీసుకొనిపోవుటకు మూడు నెలలు ఆలస్యమైనది. బిడ్డ కోలుకున్నాడు గాని, ఆ సంవత్సరపు చదువు పోయినది. ఆ మూడు నెలలు మా మనస్సాక్షిని ఇంకను గద్దిస్తున్నవి.

అప్పుడు మాకు తెలియని మాట ఒకటున్నది. స్వల్ప పరిమాణముతో పట్టుబడిన వ్యసనపరుడు ప్రభుత్వ గుర్తింపుగల ఆసుపత్రిలో స్వచ్ఛందముగా చేరి చికిత్స పూర్తిచేసికొంటే, ఆ నేరమునకు విచారణ నుండి మినహాయింపు అదే చట్టములోని 64ఎ సెక్షను ఇస్తున్నది. సలహాకు 14446 అనే ఉచిత ఫోను నంబరు ఉన్నది.

చట్టమే తలుపు తెరచి ఉంచగా, మన ఇండ్లు, మన సంఘములు మూసికొనవచ్చునా? తల్లిదండ్రులారా, మార్కులు అడుగకముందు బిడ్డ నిద్రపోయాడా అని అడుగుడి. యౌవనులారా, చిక్కుకొంటే దాచకుడి. మా యింటి తలుపు ఏ రాత్రివేళనైనను తట్టుడి. ఈసారి మేము వెంటనే మీతో ఆసుపత్రికి వస్తాము.