ఏ చక్రం తిప్పినా పట్టు నాలుగు టైర్లదే
(పౌర భద్రతా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యోగరీత్యా ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుండి బెంగళూరు చేరిన మన కుటుంబాలలో కార్లపై మక్కువగల యువతీయువకులు అనేకులు. వారిలో కొందరు సెలవు దినాలలో ఆటోక్రాస్ పోటీలకు వెళుతున్నారు. మట్టి మైదానంలోనో, విశాలమైన ఆవరణలోనో శంకువులు నిలిపి వంకర దారి ఏర్పరుస్తారు. దానిని తక్కువ సమయంలో దాటినవారే విజేతలు. ఇంట్లోని పెద్దలు అడిగే ప్రశ్న ఒకటుంది. ముందు చక్రాలతో నడిచే కారా, వెనుక చక్రాలతో నడిచేదా, నాలుగు చక్రాలతో నడిచేదా, ఏది క్షేమం?

మన దేశంలో మధ్యతరగతికి ముందు చక్రాల కారును చేరువ చేసింది 1983లో వచ్చిన మారుతి 800. అంతకుముందు మనం ఎరిగిన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వెనుక చక్రాల బళ్లు. ముందు చక్రాల కారులో లాగే పని, తిరిగే పని రెండూ ముందు టైర్లవే. మలుపులో వేగం మించితే అవి పట్టు కోల్పోతాయి. స్టీరింగ్ ఎంత తిప్పినా కారు మలుపు వెలుపలికే సాగుతుంది. యాక్సిలరేటర్‌ను నెమ్మదిగా తగ్గిస్తే సాధారణంగా పట్టు తిరిగి వస్తుంది గనుక, కొత్తవారికి ఇది కొంత సులువు. అయితే భయంతో ఒక్కసారిగా పాదం ఎత్తేస్తే బరువు ముందుకు ఒరిగి, వెనుక భాగం తేలికై పక్కకు జారవచ్చు.

వెనుక చక్రాల కారులో ముందు టైర్లు దారి చూపుతాయి, వెనుకవి తోస్తాయి. మట్టిలో యాక్సిలరేటర్ అతిగా తొక్కితే వెనుక భాగం వెలుపలికి జారి, కారు గిరగిరా తిరుగుతుంది. దీనిని సరిదిద్దడానికి అభ్యాసం కావాలి.

నాలుగు చక్రాల బండి వేగం అందుకోవడంలో మేటి. అక్కడే ఒక భ్రమ దాగి ఉన్నది. బ్రేకులు ఏ కారులోనైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి. కాబట్టి ఆగే విషయంలో ఈ బండికి ప్రత్యేక బలం లేదు. పైగా అది మలుపును మరింత వేగంతో చేరుకుంటుంది. వేగం 40 కిలోమీటర్ల నుండి 60కి పెరిగితే కారు గతిశక్తి 2.25 రెట్లవుతుంది. జిప్సీ వంటి ఎత్తైన బండి పక్కకు జారుతూ గోతిలో చక్రం తగిలించుకుంటే, ఎన్ని చక్రాలు తిప్పుతున్నా బోల్తా పడగలదు.

కనుక చక్రాల అమరిక చెప్పేది కారు ఎటు జారుతుందన్నది మాత్రమే. జారిన చోట ఏమున్నదనేదే ప్రాణాలను కాపాడేది. అదుపు తప్పిన కారు చాలావరకు మలుపు వెలుపలికి దూసుకుపోతుంది. జారిన వెనుక భాగాన్ని కంగారుగా సరిదిద్దబోతే లోపలి వైపుకూ మళ్లవచ్చు. అందుచేత మలుపుకు ఇరువైపులా ఖాళీ స్థలం వదలాలి. ప్రేక్షకులు అడ్డుకట్ట వెనుక, దూరంగా నిలవాలి. ఫోటో కోసం శంకువుల దగ్గరకు పోరాదు. దేశంలోని మోటారు క్రీడలను నియంత్రించే ఎఫ్.ఎం.ఎస్.సి.ఐ. అనుమతి ఉన్న పోటీనే ఎంచుకోండి. హెల్మెట్, సీటు బెల్టు, వాహన తనిఖీ, మార్షళ్లు, అంబులెన్సు ఉన్నాయో లేవో ముందే అడగండి.

నగర శివార్లలో ఇళ్లు లేవని లేఅవుట్ రోడ్లమీద "కాస్త ప్రాక్టీసు" చేద్దామనుకునేవారికి ఒక మాట. ప్రజలు రాకపోకలు సాగించే చోట రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా పందెం వేయడం, వేగాన్ని పరీక్షించడం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. 2019 సవరణ ప్రకారం తొలిసారి మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ చేస్తే ఏడాది వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ తీరాన ఫార్ములా ఈ రేసు జరిగింది కదా అంటారు కొందరు. ఆ దారులను ప్రజలకు మూసి, అడ్డుగోడలు కట్టి, కంచెలు వేసిన తరువాతనే కార్లు కదిలాయి.

పిల్లల ఉత్సాహాన్ని అణచమని నేను కోరను. ఈసారి వారు పోటీకి బయలుదేరినప్పుడు ఏ కారు అని మాత్రమే అడగకండి. ఏ మైదానం, ఎవరి పర్యవేక్షణ అని కూడా అడగండి. వీలైతే వెంట వెళ్లి, అడ్డుకట్ట వెనుక నిలబడి చూడండి.