వెంటిలేటరు: భయం వద్దు, అవగాహన కావాలి
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



2020, 2021 కోవిడ్ రోజుల్లో వెంటిలేటరు అనే మాట ఇంటింటా వినిపించింది. “వెంటిలేటరు పెట్టారంటే ఇక ఆశ లేదు” అనే భయం చాలామందిలో నాటుకుపోయింది. అసలు ఆ యంత్రం చేసే పనేమిటి?

మనం గాలి పీల్చేటప్పుడు ఛాతీకీ పొట్టకీ మధ్యనున్న డయాఫ్రం అనే కండరం కిందికి దిగుతుంది. ఛాతీ విశాలమై, గాలి దానంతటదే లోపలికి వస్తుంది. ఆ శక్తి లేని రోగికి యంత్రం గొట్టం ద్వారా గాలిని లోపలికి నెడుతుంది. అది జబ్బును నయం చేయదు. మందులు పనిచేసేదాకా ఊపిరి నిలుపుతుంది.

ఎక్కువ గాలి పంపితే మేలని అనుకోకూడదు. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్న రోగులపై అమెరికాలో చేసిన పరిశోధన 2000లో వెలువడింది. ఒక్కో శ్వాసకు కిలో బరువుకు 12 మిల్లీలీటర్ల లెక్కన కాక 6 లెక్కన గాలి ఇస్తే, మరణాలు సుమారు 40 శాతం నుంచి 31 శాతానికి తగ్గాయి. కాబట్టి యంత్రం ఉంటే చాలదు, తెలిసిన మనిషి పక్కన ఉండాలి.

విద్యార్థులకు ఒక సంగతి చెప్పాలి. 1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హేగన్‌లో పోలియో విజృంభించింది. యంత్రాలు చాలలేదు. మత్తు డాక్టరు బ్యోర్న్ ఇబ్సెన్ రోగి గొంతుకు రంధ్రం చేయించి, గొట్టం అమర్చి, రబ్బరు సంచిని చేత్తో నొక్కి గాలి పంపే పద్ధతి చూపారు. సుమారు 1500 మంది విద్యార్థులు వంతులవారీగా రాత్రింబవళ్ళు ఆ సంచులు నొక్కారు. మరణాలు సగానికి పైగా తగ్గాయి. నేటి ఇంటెన్సివ్ కేర్ విభాగాలకు అదే నాంది.

తల్లిదండ్రులారా, మీవారికి వెంటిలేటరు పెడితే డాక్టరును మూడు ప్రశ్నలు అడగండి. ఎందుకు పెట్టారు? ఆ జబ్బు నయమయ్యేదేనా? సొంతంగా ఊపిరి తీయగలరేమో ఎప్పుడు పరీక్షిస్తారు? అందరూ బతుకుతారని చెప్పలేం. కానీ కోలుకుని ఇంటికి వచ్చేవారూ ఎందరో ఉన్నారు.

గొట్టం స్వరతంత్రుల మధ్యగా వెళ్తుంది కనుక రోగికి మాట రాదు. వినబడుతూ ఉండవచ్చు. పరాయి భాష వినిపించే ఆసుపత్రిలో, తెలుగు తప్ప మరొకటి రాని మన పెద్దలకు “భయపడకండి, మేమున్నాం” అనే తెలుగు మాట ఎంత ధైర్యం!

డాక్టరు సీటు రాలేదని కుంగిపోకండి. నర్సింగ్, రెస్పిరేటరీ థెరపీ, బయోమెడికల్ ఇంజనీరింగ్ చదువులున్నాయి. ఆ మాట చెప్పే మనిషి మీలోంచి రావాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.